మావెన్ ప్రొఫైల్‌ను ఒక్కచోట రాసి అన్ని ప్రాజెక్టుల్లో వాడుకోవడం ఎలా

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే సాధనం మావెన్. ఒక్కో మాడ్యూల్‌కి, అంటే ప్రాజెక్టులోని ఒక్కో భాగానికి, పామ్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఉంటుంది. బిల్డ్ ఎలా జరగాలో అందులో రాస్తాం. కావాలన్నప్పుడే ఆన్ చేసుకునేలా అందులో పెట్టే సెట్టింగుల కట్టే ప్రొఫైల్. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఒక ప్రాజెక్టులో 14 మాడ్యూళ్లు ఉండేవి. పద్నాలుగు పామ్ ఫైళ్లలోనూ ‘కవరేజ్’ (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో కొలిచేది) అనే ప్రొఫైల్, చూడ్డానికి అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మొదట రాసినవాళ్లెవరో మాకెవరికీ తెలియదు. తర్వాత వచ్చినవాళ్లమంతా కాపీ కొట్టినవాళ్లమే. జావా 17కి మారేటప్పుడు, కవరేజ్ కొలిచే జకోకో ప్లగిన్ వెర్షన్ పెంచాల్సి వచ్చింది. నేనే పెంచాను, 13 చోట్ల అనుకున్నాను. మిగిలిన ఆ ఒక్కదాని దగ్గర రాత్రి బిల్డ్ ఆగిపోయింది. లాగ్‌లో ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61’ అని ఉంది. 61 అంటే జావా 17 క్లాస్ ఫైల్. పాత జకోకోకి అది చదవడం రాదు. తప్పు నాదే గానీ, ఒకే సంగతి 14 చోట్ల ఉంటే ఈ తప్పు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చేసి తీరతారు.

మరి ఒక్కచోట రాసి మిగతా చోట్ల ఇంపోర్ట్ చేసుకోవచ్చు కదా అంటారా? మావెన్ 3లో ఆ దారి లేదు. బామ్ (డిపెండెన్సీల, అంటే ప్రాజెక్టు వాడుకునే బయటి లైబ్రరీల, వెర్షన్ల జాబితా ఉన్న పామ్) ఇంపోర్ట్ ఉంది కదా అని కొందరు ఆశపడతారు. అది డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ విభాగాన్ని మాత్రమే తెస్తుంది. ప్రొఫైల్‌నూ తేదు, ప్లగిన్‌నూ తేదు. కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది: ప్రొఫైల్‌ను స్విచ్‌లా చూడండి. వైరింగ్ గోడలో ఉండాలి, బోర్డు మీద స్విచ్ ఒక్కటే కనిపించాలి. ఇంట్లో ఎన్ని గదులున్నా వైరింగ్ ఒకసారే చేయిస్తాం కదా. మావెన్‌లో గోడ అంటే పేరెంట్ పామ్, మిగతా పామ్‌లు వారసత్వంగా తీసుకునేది.

ఒక మాట. ట్యాగ్‌ల పేర్లనూ కమాండ్లనూ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. కమాండ్‌లో ప్రొఫైల్ పేరు చెప్పే హైఫన్-పెద్ద పీని ‘పీ ఫ్లాగ్’ అనీ, ప్రాపర్టీ ఇచ్చే హైఫన్-పెద్ద డీని ‘డీ ఫ్లాగ్’ అనీ పిలుస్తాను.

మొదటి పని: ఇంట్లో ఏముందో చూసుకోండి

ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో నిలబడి ‘ఎంవిఎన్ హెల్ప్:ఆల్-ప్రొఫైల్స్’ కొట్టండి. ఏ మాడ్యూల్‌కి ఏయే ప్రొఫైళ్లు వర్తిస్తాయో, ఒక్కోటి ఎక్కణ్నుంచి వచ్చిందో, యాక్టివ్‌గా ఉందో లేదో వరసగా చెబుతుంది. మీ మెషీన్‌లోని సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్‌ నుంచి వచ్చినవి కూడా ఇందులోనే కనిపిస్తాయి. చాలామందికి ఇక్కడే మొదటి ఆశ్చర్యం, ‘ఇది ఇంకా ఉందా!’ అని.

ఆ జాబితాను మూడు కుప్పలు చేయండి. చాలా మాడ్యూళ్లలో అదే రూపంలో ఉన్నవి ఒక కుప్ప (కవరేజ్, ఇంటిగ్రేషన్ టెస్టులు, రిలీజ్ సంతకాలు, జావాడాక్). ఒక్క మాడ్యూల్‌కే సంబంధించినవి రెండోది. మనిషికో మెషీన్‌కో సంబంధించినవి, అంటే ఆఫీసు రిపాజిటరీ (లైబ్రరీలు దొరికే సర్వర్) అడ్రసు, నా ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పోర్టు లాంటివి, మూడోది. మొదటి కుప్ప పేరెంట్‌లోకి వెళుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది, మూడోది సెట్టింగ్స్‌లోకి.

నాలుగో కుప్ప కూడా ఒకటి తగులుతుంది: డెవ్, టెస్ట్, ప్రాడ్ అనే ప్రొఫైళ్లు. ఒక్కోదానికి వేరే కాన్ఫిగ్ ఫైల్‌ను జార్‌లో (బిల్డ్ చివర తయారయ్యే జావా ఫైల్‌లో) దూర్చేవి. వీటిని తిరిగి వాడుకోవడం ఎలా అని నన్నడిగితే, వాడుకోకండి అంటాను. టెస్ట్‌లో పరీక్షించిన జార్ ఒకటి, ప్రాడ్‌కి వెళ్లే జార్ ఇంకొకటి అయితే పరీక్షించిందేమిటి? జార్ ఒక్కటే కట్టి, సెట్టింగులు బయట నుంచి ఇవ్వండి. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ప్రొఫైల్ అనే మాట ఉండటం వల్ల కూడా ఈ గందరగోళం పెరిగింది. స్ప్రింగ్ ప్రొఫైల్ అప్లికేషన్ నడిచేటప్పుడు పనిచేసేది. మావెన్ ప్రొఫైల్ పని బిల్డ్ అయ్యేసరికి అయిపోతుంది. పేరు కలిసింది గానీ చుట్టరికం లేదు.

రెండో పని: వైరింగ్‌ను పేరెంట్‌లోకి దించండి

పేరెంట్ పామ్ తెరవండి. బిల్డ్ ట్యాగ్ లోపల ప్లగిన్‌మేనేజ్‌మెంట్ అనే ట్యాగ్ ఉంటుంది, లేకపోతే పెట్టండి. జకోకోకి సంబంధించిందంతా అందులో రాయండి: వెర్షన్, ‘ప్రిపేర్-ఏజెంట్’ ఎగ్జిక్యూషన్ (ప్లగిన్ చేసే ఒక్కో పని), ‘రిపోర్ట్’ ఎగ్జిక్యూషన్, మినహాయించాల్సిన ప్యాకేజీలు. ప్రతి ఎగ్జిక్యూషన్‌కీ ఐడీ ఇవ్వడం మరవకండి. ఐడీ ఒకటే అయితే మావెన్ రెండింటినీ కలిపి ఒకటి చేస్తుంది, వేరైతే రెండూ నడుస్తాయి. రిపోర్ట్ రెండుసార్లు తయారవుతోందంటే సగం సార్లు ఐడీ తేడానే కారణం.

ప్లగిన్‌మేనేజ్‌మెంట్‌లో రాసింది దానంతటది నడవదు. అది కేవలం ‘ఈ ప్లగిన్ ఎవరైనా పిలిస్తే ఇలా ఉండాలి’ అన్న ఒప్పందం. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

ఇప్పుడు అదే పేరెంట్‌లో ప్రొఫైల్స్ ట్యాగ్ కింద ‘కవరేజ్’ ప్రొఫైల్ పెట్టండి. దాని బిల్డ్ ప్లగిన్స్‌లో జకోకో గ్రూప్ ఐడీ, ఆర్టిఫ్యాక్ట్ ఐడీ. అంతే. వెర్షన్ లేదు, కాన్ఫిగరేషన్ లేదు, ఎగ్జిక్యూషన్ లేదు. ప్రొఫైల్ ఆన్ అయితే ప్లగిన్‌ను పిలిచినట్టు, మేనేజ్‌మెంట్‌లో రాసినవన్నీ దానికి వచ్చి చేరతాయి. 14 చోట్ల ఉన్న నలభై లైన్ల ముద్ద ఒక్కచోటికి వచ్చి, స్విచ్ అయిదారు లైన్లకు తగ్గుతుంది.

ఇంతకన్నా సన్నగా కూడా చేయొచ్చు. చాలా ప్లగిన్లకు ‘స్కిప్’ ప్రాపర్టీ ఉంటుంది. జకోకోకి ‘జకోకో.స్కిప్’, సంతకాలు పెట్టే జీపీజీ ప్లగిన్‌కి ‘జీపీజీ.స్కిప్’, ఇంటిగ్రేషన్ టెస్టులు నడిపే ఫెయిల్‌సేఫ్‌కి ‘స్కిప్ఐటీస్’. ప్లగిన్‌ను పేరెంట్‌లో మామూలు ప్లగిన్స్ విభాగంలోనే పెట్టి, పేరెంట్ ప్రాపర్టీస్‌లో స్కిప్‌ను ‘ట్రూ’ అని రాసి, ప్రొఫైల్‌లో ‘ఫాల్స్’ అని ఒక్క ప్రాపర్టీ రాస్తే చాలు. ఇంటిగ్రేషన్ టెస్టులకు నేను ఇదే వాడతాను. ప్రొఫైల్ లేకుండా కూడా డీ ఫ్లాగ్‌తో ఒకే ఒక్కసారి ఆన్ చేసుకోవచ్చు, అది దీనిలో అదనపు సుఖం. జకోకోకి మాత్రం నేను మొదటి పద్ధతే వాడతాను. దానిలో ఒక మెలిక ఉంది, అది చెబుతాను.

ఒక చిన్న @ గుర్తు చేసిన పని

జకోకో ప్రిపేర్-ఏజెంట్ చేసేదేమిటంటే, టెస్టులు నడిపే జేవీఎంకి (జావా ప్రోగ్రామ్‌ను నడిపే ప్రాసెస్‌కి) ఇవ్వాల్సిన ఏజెంట్ వివరాలను ‘ఆర్గ్‌లైన్’ అనే ప్రాపర్టీలో రాసిపెడుతుంది. టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ఆ ప్రాపర్టీని చదువుకుంటుంది. మీరు ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్‌లో మెమరీ కోసం ఆర్గ్‌లైన్ ట్యాగ్‌లో సొంతంగా ఏదో రాశారనుకోండి, జకోకో రాసింది గల్లంతు. టెస్టులన్నీ పాసవుతాయి, కవరేజ్ మాత్రం సున్నా.

దీనికి మందుగా డాలర్ గుర్తు, బ్రాకెట్లు పెట్టి ఆర్గ్‌లైన్ అని రాస్తే సరిపోదు. డాలర్ ప్రాపర్టీలను మావెన్ పామ్ చదివేటప్పుడే పూరించేస్తుంది. అప్పటికింకా జకోకో నిద్రలేవదు. అందుకే ష్యూర్‌ఫైర్ 2.17 నుంచి డాలర్ బదులు @ గుర్తు పెట్టే పద్ధతి వచ్చింది. ప్లగిన్ నడిచే నిమిషంలో పూరిస్తుంది. మీ మెమరీ ఆప్షన్‌కి ముందు @ గుర్తు, బ్రాకెట్లలో ఆర్గ్‌లైన్ అని రాస్తే కవరేజ్ వస్తుంది.

ఇక్కడే ప్రొఫైల్ వచ్చి కాలు అడ్డం పెడుతుంది. కవరేజ్ ప్రొఫైల్ ఆఫ్‌లో ఉంటే ఆ ప్రాపర్టీని సృష్టించేవాళ్లే లేరు. అప్పుడు @ గుర్తుతో సహా ఆ మాట యథాతథంగా జావాకి అందుతుంది. జావా 9 నుంచీ @తో మొదలయ్యే మాటను ‘ఈ పేరున్న ఫైల్ తెరిచి ఆప్షన్లు చదువు’ అని అర్థం చేసుకుంటారు జేవీఎంవారు. ఫైల్ దొరకదు, టెస్టుల కోసం విడిగా మొదలైన జేవీఎం పుట్టగానే చచ్చిపోతుంది. అంటే ప్రొఫైల్ ఆన్ చేస్తే బిల్డ్ బాగుంటుంది, ఆఫ్ చేస్తే పగులుతుంది. కవరేజ్ పైప్‌లైన్ (సర్వర్ మీద తనంతట నడిచే బిల్డ్) పచ్చగా ఉంటే, ఎవరి ల్యాప్‌టాప్‌లో చూసినా ఎరుపు. దీనికి చికిత్స ఒక్క లైను: పేరెంట్ ప్రాపర్టీస్‌లో ఆర్గ్‌లైన్ అనే ఖాళీ ప్రాపర్టీ పెట్టండి. ప్రొఫైల్ ఉంటే జకోకో దాన్ని నింపుకుంటుంది, లేకుంటే ఖాళీగానే పోతుంది.

ప్రొఫైల్ రాసినప్పుడు ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడిపి చూడమనేది ఇందుకే. మనం ఆన్ చేసి చూసి మురిసిపోతాం, ఆఫ్ సంగతి ఎవరికీ పట్టదు.

మూడో పని: స్విచ్ ఎవరు వేయాలి?

ప్రొఫైల్ ఆన్ కావడానికి దారులు చాలా ఉన్నాయి. పీ ఫ్లాగ్‌తో పేరు చెప్పడం అన్నిటికన్నా స్పష్టమైనది. పై ఫోల్డర్ నుంచి ఒక పేరు చెబితే, బిల్డ్‌లో పాల్గొనే మాడ్యూళ్లలో ఆ ఐడీతో ప్రొఫైల్ ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా ఆన్ అవుతుంది. ఇది మనకు కలిసొచ్చే గుణం. పేరెంట్‌లోని ‘కవరేజ్’కి తోడు, ఒక్క మాడ్యూల్‌కి అదనంగా ఏదైనా కావాలంటే ఆ మాడ్యూల్ పామ్‌లో కూడా ‘కవరేజ్’ అనే ఐడీతోనే చిన్న ప్రొఫైల్ పెట్టండి. రెండూ కలిసే వెలుగుతాయి.

పేరు తప్పు కొడితే? మావెన్ 3 ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది, బిల్డ్ సక్సెస్ అనే చూపిస్తుంది. వేల లైన్ల లాగ్‌లో ఆ హెచ్చరికను చదివే ఓపిక ఎవరికుంది? మావెన్ 4 మాత్రం లేని ప్రొఫైల్ అడిగితే బిల్డ్ ఆపేస్తుంది. ఉంటే ఉంది, లేకపోతే పోనీ అనుకునే చోట పేరుకు ముందు ప్రశ్నార్థకం పెట్టమంటుంది. నాకు ఈ మార్పు నచ్చింది.

ఆఫ్ చేయాలంటే పేరుకు ముందు ఆశ్చర్యార్థకం గానీ హైఫన్ గానీ. బాష్‌లో ఆశ్చర్యార్థకానికి వేరే అర్థం ఉంది కాబట్టి దాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టండి. పవర్‌షెల్‌లో చుక్క ఉన్న డీ ఫ్లాగ్‌ను కోట్స్‌లో పెట్టకపోతే చుక్క దగ్గర విరిచేస్తుంది. మా వాళ్లలో విండోస్ వాడేవాళ్ల మొదటిరోజు ఫిర్యాదు ఎప్పుడూ ఇదే.

రెండో దారి ప్రాపర్టీ. యాక్టివేషన్ ట్యాగ్‌లో ఒక ప్రాపర్టీ పేరు రాస్తే, అది ఉన్నప్పుడు ప్రొఫైల్ ఆన్ అవుతుంది. వేర్వేరు ఐడీలున్న నాలుగు ప్రొఫైళ్లను ఒకే ప్రాపర్టీకి కట్టేయొచ్చు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కి ముందు ‘ఎన్వ్’, చుక్క రాయాలి. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ రెండూ ‘సీఐ’ అనే వేరియబుల్ ఇస్తాయి కాబట్టి ‘ఎన్వ్.సీఐ’ అని రాస్తే పైప్‌లైన్‌లో తనంతట తానే వెలిగే ప్రొఫైల్ తయారు. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది: పామ్‌లోని ప్రాపర్టీస్ విభాగంలో రాసిన విలువ ప్రొఫైల్‌ను ఆన్ చేయలేదు. ప్రొఫైళ్లను తేల్చేది పామ్‌ను కలపకముందే. డీ ఫ్లాగ్‌తోనో, సిస్టమ్ నుంచో, ఎన్విరాన్‌మెంట్ నుంచో, అంటే పామ్ బయట నుంచి వస్తేనే లెక్క.

మూడోది జేడీకే (బిల్డ్‌కి వాడే జావా), ఆపరేటింగ్ సిస్టమ్. జేడీకేకి ‘చదరపు బ్రాకెట్, 17, కామా, గుండ్రటి బ్రాకెట్’ అని రాస్తే 17 గానీ ఆపైది గానీ అని అర్థం. ఒకే యాక్టివేషన్‌లో రెండు షరతులు పెడితే ఏమవుతుందన్నది మీ మావెన్ వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 3.2.2కి ముందు ఏ ఒక్కటి కుదిరినా ఆన్, 3.2.2 నుంచి అన్నీ కుదిరితేనే. పాత పేరెంట్ పామ్‌లు వారసత్వంగా వచ్చినవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి.

ఇక యాక్టివ్‌బైడిఫాల్ట్. పేరు చూసి ‘ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది’ అనుకుంటాం. కాదు. అదే పామ్‌లో ఇంకే ప్రొఫైల్ ఆన్ అయినా ఇది ఆఫ్ అయిపోతుంది. ఎవరో డిఫాల్ట్ ప్రొఫైల్‌లో రిపాజిటరీ అడ్రసు పెట్టి ఉంటారు. మీరు కవరేజ్ కావాలని పీ ఫ్లాగ్ ఇస్తారు. వెంటనే ‘డిపెండెన్సీ దొరకలేదు’ అంటుంది. కవరేజ్‌కీ డిపెండెన్సీకీ సంబంధమేమిటని మీరు తల పట్టుకుంటారు. పైగా ఈ నియమం ఒక పామ్ లోపలికే పరిమితం: పిల్ల పామ్‌లో ప్రొఫైల్ ఆన్ అయినంత మాత్రాన పేరెంట్‌లోని డిఫాల్ట్ ఆఫ్ కాదు. ఎప్పుడూ ఉండాల్సింది అయితే ప్రొఫైల్ బయట మామూలుగా రాయండి. నా పేరెంట్ పామ్‌లలో ఈ ట్యాగ్‌ను అసలు వాడను.

నాలుగో పని: ఖాళీ ఫైల్‌ను స్విచ్‌గా వాడుకోవడం

ఇది నాకు బాగా ఇష్టమైన ఉపాయం. 14 మాడ్యూళ్లలో 5 మాడ్యూళ్లకే ఇంటిగ్రేషన్ టెస్టులు ఉన్నాయనుకోండి. పేరెంట్‌లో ఒక ప్రొఫైల్ రాసి, యాక్టివేషన్‌లో ఫైల్, ఎగ్జిస్ట్స్ ట్యాగ్‌లు పెట్టి, డాలర్ బ్రాకెట్లలో ‘బేస్‌డిర్’, దాని వెనక ఫైల్ దారి రాయండి. ఆ బేస్‌డిర్ పేరెంట్ ఫోల్డర్ కాదు, ప్రస్తుతం బిల్డ్ అవుతున్న మాడ్యూల్ ఫోల్డర్. కాబట్టి ఏ మాడ్యూల్‌లో ఆ ఫైల్ ఉంటే ఆ మాడ్యూల్‌కే ప్రొఫైల్ వెలుగుతుంది. మాడ్యూల్ పామ్‌లో ఒక్క అక్షరం కూడా రాయక్కర్లేదు.

‘ప్రాజెక్ట్.బేస్‌డిర్’ అని రాయకండి. మిగతా అన్ని చోట్లా అదే సరైన పద్ధతి గానీ, మావెన్ 3లో యాక్టివేషన్ లోపల ఉత్త ‘బేస్‌డిర్’ మాత్రమే పనిచేస్తుంది.

ఇదేదో గల్లీ చిట్కా అనుకోకండి. జెంకిన్స్ అనే బిల్డ్ సర్వర్‌కి ప్లగిన్లు రాసేవాళ్లకు ఇచ్చే పేరెంట్ పామ్ ఇదే చేస్తుంది. మీ ప్లగిన్ ఫోల్డర్‌లో ‘డాట్ ఎంవిఎన్ అండర్‌స్కోర్ ఎగ్జెక్ అండర్‌స్కోర్ నోడ్’ అనే ఖాళీ ఫైల్ పెడితే చాలు, నోడ్‌తో ఫ్రంటెండ్ కట్టే ప్రొఫైల్ ఆన్ అవుతుంది. ఎన్నో ప్లగిన్లు, వైరింగ్ ఒకటే. అలాగే అపాచీ ప్రాజెక్టులకు ఉమ్మడి పేరెంట్‌లో ‘అపాచీ-రిలీజ్’ అనే ప్రొఫైల్ ఉంది, స్ప్రింగ్ బూట్ 3 స్టార్టర్ పేరెంట్‌లో ‘నేటివ్’ ప్రొఫైల్ ఉంది. ప్రొఫైల్‌ను పంచుకోవాలంటే పెద్దవాళ్లు కూడా పట్టిన దారి పేరెంటే.

అయిదో పని: పేరెంట్‌ను ప్రాజెక్టు దాటించడం

ఒక ప్రాజెక్టు లోపల మాడ్యూళ్ల మధ్య పంచుకోవడం అయ్యింది. నాలుగైదు గిట్ రిపాజిటరీల మధ్య పంచుకోవాలంటే పేరెంట్ పామ్‌ను విడిగా ఒక ప్రాజెక్టుగా పెట్టండి. ప్యాకేజింగ్ ‘పామ్’, లోపల కోడ్ ఏమీ ఉండదు. దానికి వెర్షన్ వేసి మీ మావెన్ రిపాజిటరీకి డిప్లాయ్ చేయండి. వాడుకునే ప్రాజెక్టుల్లో పేరెంట్ ట్యాగ్‌లో రిలేటివ్‌పాత్‌ను ఖాళీగా వదలండి. లేకపోతే మావెన్ ముందు పై ఫోల్డర్‌లో ఉన్న పామ్‌ను వెతకడానికి పోతుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ‘వర్షన్స్:అప్‌డేట్-పేరెంట్’ కమాండ్ ఆ నంబర్ మారుస్తుంది.

స్నాప్‌షాట్ (అదే పేరుతో ఇంకా మారుతూ ఉండే వెర్షన్) పేరెంట్ పెట్టకండి. నిన్న పాసైన బిల్డ్ ఇవాళ ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే పగిలితే, ఎక్కడని వెతుకుతారు?

మావెన్‌లో ఒక పామ్‌కి పేరెంట్ ఒకటే. మీకు ఇప్పటికే స్ప్రింగ్ బూట్ స్టార్టర్ పేరెంట్ ఉంటే రెండు దారులు. మీ ఉమ్మడి పేరెంటే దాన్ని పేరెంట్‌గా పెట్టుకోవడం ఒకటి. స్ప్రింగ్ బూట్ డిపెండెన్సీస్ బామ్‌ను ఇంపోర్ట్ చేసుకోవడం రెండోది. రెండో దారిలో వెర్షన్లు వస్తాయి గానీ ‘నేటివ్’ ప్రొఫైల్ రాదు, ముందే చెప్పుకున్న కారణానికే.

ఆరో పని: మూడో కుప్ప, సెట్టింగ్స్‌లోకి

హోమ్ ఫోల్డర్‌లోని ‘డాట్ ఎం2’ ఫోల్డర్‌లో సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. ఇందులోని ప్రొఫైల్ ఆ మెషీన్‌లో నడిచే ప్రతి మావెన్ ప్రాజెక్టుకూ వర్తిస్తుంది. ఆ లెక్కన ఇది అన్నిటికన్నా ఎక్కువగా ‘తిరిగి వాడుకునే’ చోటు. కానీ ఇక్కడ రాయగలిగింది కొంచెమే: యాక్టివేషన్, రిపాజిటరీలు, ప్లగిన్ రిపాజిటరీలు, ప్రాపర్టీలు. ప్లగిన్లు, డిపెండెన్సీలు పెట్టనివ్వదు. అదీ మంచికే. లేకపోతే ‘నా మెషీన్‌లో బాగానే ఉంది’ అన్న మాట ఇంకా ఎక్కువ వినాల్సి వచ్చేది.

యాక్టివ్ ప్రొఫైల్స్ అనే ట్యాగ్‌లో ఐడీ రాస్తే ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. జాగ్రత్త, అదే ఐడీ ఉన్న ప్రొఫైల్ ప్రాజెక్టు పామ్‌లో ఉంటే అది కూడా ఆన్ అయిపోతుంది. సెట్టింగ్స్‌లో ‘డెవ్’ లాంటి పేర్లు పెట్టుకుంటే ఎవరో రాసిన డెవ్ వెలిగి కూర్చుంటుంది. మీ పేరో టీమ్ పేరో ముందు తగిలించండి.

పాత సమాధానాల్లో పామ్ పక్కన ‘ప్రొఫైల్స్ ఎక్స్‌ఎంఎల్’ అనే ఫైల్ పెట్టమని కనిపిస్తే దాటేయండి. అది మావెన్ 2 కాలంనాటిది. 2010లో వచ్చిన మావెన్ 3.0లో తీసేశారు.

టీమ్ మొత్తానికి ఒక ప్రొఫైల్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంటే ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో ‘డాట్ ఎంవిఎన్’ ఫోల్డర్, అందులో ‘మావెన్ డాట్ కాన్ఫిగ్’ ఫైల్ పెట్టి పీ ఫ్లాగ్ అందులో రాసి కమిట్ చేయండి. మావెన్ 3.3.1 నుంచి ఉంది ఇది. 3.9.0 నుంచి ఒక్కో ఆప్షన్ ఒక్కో లైన్‌లో ఉండాలి. పాత ఫైళ్లలో అన్నీ ఒకే లైన్‌లో ఉంటాయి, మావెన్ అప్‌గ్రేడ్ చేసినరోజు అక్కడే తడబడుతుంది.

ఎవరి మాట నెగ్గుతుంది

స్విచ్ వేశాం, లైటు వెలగలేదు. ఎందుకు? దాదాపు ప్రతిసారీ జవాబు ఈ వరసలోనే దొరుకుతుంది.

పేరెంట్‌లోని ప్రొఫైల్ పిల్ల పామ్‌లోకి ప్రొఫైల్‌గా రాదు. మావెన్ ముందు పేరెంట్ పామ్‌లో ఆన్ అయిన ప్రొఫైళ్లను పేరెంట్‌లోనే కలిపేస్తుంది, ఆ కలిపిన రూపం పిల్లకి వారసత్వంగా వస్తుంది. పర్యవసానం ఏమిటంటే, పిల్ల పామ్‌లో మామూలు ప్రాపర్టీగా రాసిన విలువ పేరెంట్ ప్రొఫైల్‌లోని విలువను కొట్టేస్తుంది. పేరెంట్ ప్రొఫైల్ ‘స్కిప్ఐటీస్ ఫాల్స్’ అంటుంది, ఎవరో ఎప్పుడో మాడ్యూల్‌లో ‘ట్రూ’ అని రాసి మరిచిపోయారు. ప్రొఫైల్ యాక్టివ్ అని కనిపిస్తూనే ఉంటుంది, టెస్టులు మాత్రం నడవవు. ఒక్క లైన్ తీసేస్తే సరిపోయేదానికి నేనొక పూట పోగొట్టుకున్నాను.

ఒకే పామ్‌లో రెండు ప్రొఫైళ్లు ఆన్ అయి ఒకే ప్రాపర్టీ మీద కొట్టుకుంటే, పామ్‌లో కింద రాసినది నెగ్గుతుంది. కమాండ్‌లో ఏది ముందు రాశారన్నది లెక్కలోకి రాదు. సెట్టింగ్స్‌లో ఇచ్చిన ప్రాపర్టీ పామ్ మీద నెగ్గుతుంది, డీ ఫ్లాగ్ అందరిమీదా నెగ్గుతుంది.

ఇంకొక సంగతి లైబ్రరీలు కట్టేవాళ్లకి. పీ ఫ్లాగ్‌తో ఆన్ చేసే ప్రొఫైల్‌లో డిపెండెన్సీ పెట్టకండి. మీ జార్‌ను వాడుకునే ప్రాజెక్టు మీ పామ్ చదివేటప్పుడు మీరు ఏ ఫ్లాగ్ ఇచ్చి కట్టారో దానికి తెలియదు. ఆ డిపెండెన్సీ వాళ్లకి చేరదు, నడిచేటప్పుడు ‘క్లాస్ దొరకలేదు’ అని మీకు ఫోన్ వస్తుంది.

చివరి పని: పాత కాపీలు పీకేయడం

ఒకేసారి 14 పామ్‌లు మార్చకండి. ఒక్కో మాడ్యూల్ తీసుకోండి. మార్చకముందు ఆ మాడ్యూల్‌లో కవరేజ్ ప్రొఫైల్ ఆన్ చేసి ‘హెల్ప్:ఎఫెక్టివ్-పామ్’ నడిపి, డీ ఫ్లాగ్‌లో ‘ఔట్‌పుట్’ ఇచ్చి ఒక ఫైల్‌లోకి రాయించండి. ఆఫ్‌లో ఇంకొకటి. పాత ప్రొఫైల్ తీసేసి మళ్లీ ఆ రెండూ నడపండి. ముందు ఫైల్‌కీ తర్వాత ఫైల్‌కీ డిఫ్ తీయండి. ఏదైనా లైన్ ఎక్కణ్నుంచి ఊడిపడిందో అర్థం కాకపోతే అదే కమాండ్‌కి ‘వెర్బోస్’ను ‘ట్రూ’ చేసి నడపండి, ఏ లైన్ ఏ పామ్‌ నుంచి వచ్చిందో పక్కనే రాసి చూపిస్తుంది.

తీసేసిన ప్రొఫైల్ బ్లాక్ తాలూకు లైన్లు, ప్లగిన్ల వరస మారడం పోగా డిఫ్‌లో ఏమీ మిగలకూడదు. మిగిలితే, ఆ మాడ్యూల్ నిజంగా మిగతావాటి కంటే వేరేగా ఉందన్నమాట. ఎందుకు వేరో అడిగి కనుక్కున్నాకే తీయండి. మాకు 14లో 12 మాడ్యూళ్ల డిఫ్ ఖాళీగా వచ్చింది. ఒకదాంట్లో మినహాయింపుల జాబితాలో ఒక ప్యాకేజీ ఎక్కువ ఉంది, అది జనరేటెడ్ కోడ్, కావాలని పెట్టినదే. దాన్ని అదే ఐడీతో చిన్న ప్రొఫైల్‌గా ఆ మాడ్యూల్‌లోనే ఉంచాం. ఆ జాబితా ట్యాగ్‌కి ‘కంబైన్.చిల్డ్రన్’ను ‘అపెండ్’ అని పెట్టాల్సి వచ్చింది, లేకపోతే పేరెంట్ జాబితాను తోసేసి తను కూర్చుంటుంది. ఇంకొకదాంట్లో తేడా ఒకే ఒక్క లైను: జకోకో వెర్షన్ నంబర్. ఆ రాత్రి బిల్డ్ ఆపిన మాడ్యూల్ కాదది. దాన్ని ఆ మర్నాడే సరిచేశాం. ఇది ఇంకొకటి, పైప్‌లైన్‌లో కవరేజ్ ఎప్పుడూ నడవనిది.